మీటరు తిరుగుతున్నంత కాలం నెట్ ఆన్ చేయలేదు

2010 ప్రాంతంలో ప్యాక్ వేయించుకోకుండా ఫోన్‌లో నెట్ వాడితే చాలా కంపెనీలు వసూలు చేసిన రేటు 10 కేబీకి 10 పైసలు. వినడానికి చవకే. లెక్క కడితే ఒక ఎంబీకి పది రూపాయలు, ఒక జీబీకి పదివేల పైమాట. ఈ లెక్క కాగితం మీద వేసి చూసినవాళ్లు తక్కువే గానీ, దాని ఫలితం అందరికీ అనుభవమే. చిన్న నోకియా ఫోన్‌లో పొరపాటున ఏదో బటన్ తగిలి బ్రౌజర్ తెరుచుకుంటే గాభరాగా ఎర్ర బటన్ నొక్కేవారు. వెంటనే స్టార్ 123 హ్యాష్ కొట్టి బ్యాలెన్స్ ఎంత కట్ అయిందో చూసుకునేవారు.

ఈ గాభరాకు కంపెనీల వాళ్లు పెట్టిన పేరు ‘అవగాహన లోపం’. ఆ మాట తప్పు. ఎంత పోతుందో చెప్పని వస్తువును ముట్టుకోకూడదన్న అవగాహన వాడేవాళ్లకు పుష్కలంగా ఉంది. మొబైల్ డేటా అప్లికేషన్లు జనంలోకి ఎప్పుడు వెళ్లాయి, ఎప్పుడు వెళ్లలేదు అన్న చరిత్రను తిరగేస్తే పదేపదే ఎదురయ్యేది ఈ భయమే. అప్లికేషన్ ఎంత గొప్పదైనా, వాడేవాడు లోపల వేసుకునే ప్రశ్నలు రెండు: ఎంత పోతుంది? పోతే ఎవర్ని అడగాలి? వీటికి జవాబు దొరికిన చోట వాడకం పెరిగింది. దొరకని చోట ఎన్ని ప్రకటనలు గుప్పించినా కదల్లేదు.

కొత్త సాంకేతికతను జనం ఎందుకు అందుకుంటారన్న దానికి విశ్వవిద్యాలయాల్లో ఒక లెక్క ఉంది. 1989లో ఫ్రెడ్ డేవిస్ ప్రతిపాదించిన నమూనా ప్రకారం అది పనికొస్తుందని అనిపించాలి, వాడటం తేలిక అనిపించాలి. ఆఫీసు కంప్యూటర్ల కాలంలో పుట్టిన నమూనా అది. ఆఫీసు సాఫ్ట్‌వేర్‌కు ఉద్యోగి తన జేబులోంచి డబ్బు కట్టడు కాబట్టి అందులో ధర ఊసు లేదు. 2012లో విశ్వనాథ్ వెంకటేశ్, ఆయన సహచరులు హాంకాంగ్‌లో మొబైల్ ఇంటర్నెట్ వాడేవారిని పరిశీలించి, వెంకటేశ్ 2003లో మరికొందరితో కలిసి తయారుచేసిన నమూనాకు సరదా, అలవాటు, ధర అనే మూడింటిని చేర్చారు. అదొక మంచి దిద్దుబాటు. కానీ అందులో ధర అంటే పెట్టిన డబ్బుకు తగిన ఫలం దక్కిందా అన్నదే. ఎంత పోతుందో తెలియని బెరుకు దానికి పూర్తిగా వేరు. ఖరీదైన వస్తువును జనం కూడబెట్టి అయినా కొంటారు. ధర చెప్పని దుకాణంలోకి మాత్రం అడుగు పెట్టరు.

జపాన్ నేర్పిన సగం పాఠం

డేటా సేవలు మొదట భారీగా వాడుకలోకి వచ్చింది జపాన్‌లో. అక్కడి టెలికాం కంపెనీ ఎన్‌టీటీ డొకొమో 1999 ఫిబ్రవరి 22న ఫోన్ తెర మీదే మెయిల్, సైట్లు చూపించే ఐ-మోడ్ సేవను ప్రారంభించింది. ఏడాదిన్నరలో కోటి మంది చేరారు. అదే సమయంలో యూరప్‌లో వ్యాప్ పేరుతో ఇంచుమించు అలాంటి సేవే వచ్చి చతికిలబడింది. రెండింటికీ తెర చిన్నదే, వేగమూ అంతంత మాత్రమే. పెద్ద తేడా బిల్లులో ఉంది. వ్యాప్‌లో ఫోన్ కాల్ లాగే లైను కలిపి నిమిషానికి ఇంత అని వసూలు చేసేవారు. పేజీ తెరుచుకునే దాకా ఎదురుచూసిన సమయానికీ డబ్బు కట్టాలన్నమాట. ఐ-మోడ్‌లో 128 బైట్ల డేటా ముక్కకు, అంటే ఒక ప్యాకెట్‌కు, 0.3 యెన్. తెర ముందు కూర్చుని ఎంతసేపు ఆలోచించినా ఖర్చు లేదు. సైట్లు నడిపేవారి చందాను డొకొమో తన ఫోన్ బిల్లులోనే వసూలు చేసి, 9 శాతం మాత్రం తను ఉంచుకుని మిగతాది వారికి ఇచ్చింది. అలా సైట్లు పెట్టేవాళ్లూ వేలల్లో వచ్చారు. జనం ఎక్కువగా వాడింది మాత్రం మెయిలే.

ఈ కథను ‘జపాన్ విజయం’గా చెప్పి వదిలేస్తుంటారు. దాని రెండో సగం అంత తీపిగా లేదు. ప్యాకెట్ లెక్కన కూడా బిల్లు తడిసి మోపెడయ్యేది. నెలాఖరున గుండె ఆగేంత బిల్లు రావడాన్ని అక్కడి కుర్రకారు ‘ప్యాకెట్ చావు’ అని పిలుచుకున్నారు. 2003 నవంబరులో పోటీ కంపెనీ కేడీడీఐ, 2004 జూన్‌లో డొకొమో ఎంత వాడినా ఒకే ధర అనే పథకాలు తెచ్చాయి. అంటే అంతగా అలవాటు పడిన దేశంలో కూడా మీటరు ఆపక తప్పలేదు. ఇక 2002 నుంచి జర్మనీ, నెదర్లాండ్స్‌లో అదే ఐ-మోడ్‌ను అమ్మి చూస్తే పెద్దగా పాకలేదు. యంత్రాన్ని దిగుమతి చేసుకోవచ్చు, దాని చుట్టూ అల్లుకున్న అలవాట్లు దిగుమతి కావు.

మన దగ్గర బ్యాలెన్స్ దొంగతనం

భారత్‌లో పరిస్థితి ఇంకాస్త గడ్డు. ఇక్కడ అత్యధికులు ప్రీపెయిడ్. నెలాఖరు బిల్లు కాదు, కళ్లముందే కరిగిపోయే బ్యాలెన్స్. 2003 మే వరకు వచ్చిన కాల్‌కూ డబ్బు కట్టిన దేశం ఇది. మిస్డ్ కాల్‌ను ఒక భాషగా మార్చుకున్న జనం కూడా వీళ్లే. ఒకసారి ఇస్తే ‘చేరాను’, రెండుసార్లు ఇస్తే ‘కిందికి రా’. ఆ అలవాటు మీదే బెంగళూరులో జిప్‌డయల్ అనే కంపెనీ మిస్డ్ కాల్ వ్యాపారం నడిపింది. 2015 జనవరిలో దాన్ని ట్విట్టర్ కొనేసింది. 2009లో టాటా డొకొమో ‘సెకనుకు ఒక పైసా’ అన్నప్పుడు జనం ఎగబడటానికీ కారణం ఇదే. పది సెకన్లు మాట్లాడి నిమిషం డబ్బు కట్టే బాధ అంతటితో పోయింది.

అలాంటి మార్కెట్‌లో టెలికాం కంపెనీలు, వాటి వెనకున్న విలువ ఆధారిత సేవల సంస్థలు చేసిన పని ఏమిటంటే, జాతకాలు, క్రికెట్ స్కోర్లు, కాలర్ ట్యూన్లు అడగకుండానే తగిలించడం. ఏదో రికార్డెడ్ కాల్ వస్తుంది, ఒక అంకె నొక్కుతారు, నెలనెలా ముప్పై రూపాయలు పోతాయి. తీయించుకోవాలంటే ఎవరికి చెప్పాలో తెలియదు. ఫిర్యాదులు పేరుకుపోయి 2013 జులైలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ జోక్యం చేసుకుంది. ఇలాంటి సేవ మొదలుపెట్టే ముందు వినియోగదారుడి నుంచి రెండుసార్లు అనుమతి తీసుకోవాలని ఆదేశించింది. అప్పటికే నష్టం జరిగిపోయింది. ‘ఫోన్‌లో ఏదైనా నొక్కితే డబ్బు పోతుంది’ అన్న పాఠం ఒక తరం మొత్తం నేర్చుకుంది. ఆ తర్వాత వచ్చిన మంచి సేవలకు కూడా ఆ పాఠమే అడ్డుపడింది. ఈ దశ గురించి టెలికాం చరిత్రల్లో పెద్దగా రాయరు. రాయాల్సినంత ఉంది.

అంతమాత్రాన పాటలు, వీడియోల మీద జనానికి మోజు లేదనుకుంటే పొరపాటు. బస్టాండు పక్క మొబైల్ షాపులో మెమరీ కార్డు ఇస్తే పదో ఇరవయ్యో తీసుకుని వందల పాటలు ఎక్కించి ఇచ్చేవారు. ధర ముందే తెలుసు, చేతికి వచ్చిన సరుకు కనిపిస్తుంది, పాట పాడకపోతే అడగడానికి మళ్లీ ఆ షాపువాడే ఉన్నాడు. అదే పాటను కంపెనీ సైటులోంచి దింపుకుంటే పాటకింత, డేటాకింత. పోటీలో ఎవరు గెలుస్తారో చెప్పడానికి సర్వేలు అక్కర్లేదు.

సమాచారం ఒక్కటే ఇస్తే సరిపోతుందన్న నమ్మకం కూడా ఆ రోజుల్లో గట్టిగా ఉండేది. 2007లో రాయిటర్స్ మహారాష్ట్రలో రైతులకు పంట ధరలు, వాతావరణం ఎస్సెమ్మెస్‌లో పంపే చందా సేవ మొదలుపెట్టింది. ఆర్థికవేత్తలు మార్సెల్ ఫాఫ్‌చాంప్స్, బార్ట్ మింటెన్ దాన్ని క్షేత్రంలో పరీక్షిస్తే రైతుకు దక్కిన ధరలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మరోవైపు కేరళ తీరంలో మొబైల్ సిగ్నల్ వచ్చాక మత్తి చేప ధరలు రేవుకూ రేవుకూ మధ్య దాదాపు సమానమయ్యాయని మరో ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007లో చూపించారు. అక్కడ మత్స్యకారులు వాడింది ఏ అప్లికేషనూ కాదు, మామూలు ఫోన్ కాల్. పడవలో ఉండగానే ఏ రేవులో ఎంత పలుకుతోందో తెలిసిన మనిషిని అడిగి, పడవను అటు తిప్పేవారు. ధర తెలిస్తే చాలదు, తెలిసిన ధర మీద అప్పటికప్పుడు ఏదైనా చేయగలగాలి. అవతల ఒక మనిషి ఉండాలి.

ఉచితం చేసిన పని

2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ ఇంటర్నెట్.ఆర్గ్ పేరుతో కొన్ని సైట్లను డేటా ఖర్చు లేకుండా చూపించే పథకాన్ని రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ఆరు రాష్ట్రాల్లో తెచ్చింది. వాటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. మీటరు భయాన్ని తీసేయాలన్న ఆలోచన సరైనదే. ఎవరికి ఏది ఉచితమో ఒక కంపెనీ నిర్ణయించడమేమిటన్న అభ్యంతరమూ సరైనదే. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ అలాంటి వివక్షపూరిత డేటా ధరలను నిషేధించింది. ఏడు నెలలకు, సెప్టెంబరు 5న, జియో మొత్తం ఇంటర్నెట్‌నే ఉచితంగా ఇచ్చేసింది.

జియో గురించి చెప్పేటప్పుడు ‘చవక’ అన్న మాట దగ్గరే ఆగిపోవడం మామూలు. ట్రాయ్ లెక్కల్లో 2014లో ఒక జీబీ సగటు ధర సుమారు 269 రూపాయలు, 2018కి అది 12 రూపాయల లోపుకు దిగింది. ఒక్కో చందాదారుడి నెలసరి వాడకం జీబీలో పావు వంతు నుంచి ఏడున్నర జీబీ పైకి పెరిగింది. ధర ఇరవై రెట్లు తగ్గితే వాడకం దాదాపు ముప్పై రెట్లయింది. కానీ చవకదనం కన్నా ఎక్కువ పని చేసినవి రెండున్నాయి. మొదటిది, 2017 మార్చి 31 దాకా ఏం చేసినా పైసా పోదన్న ధీమా. ఏడు నెలల పాటు జనానికి తప్పులు చేసే స్వేచ్ఛ దొరికింది. ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో నొక్కి చూశారు. ఆ తర్వాత వచ్చిన ప్యాక్‌లు, ఉదాహరణకు 303 రూపాయలకు 28 రోజులు రోజుకు ఒక జీబీ, ఆ ధీమాను కొనసాగించాయి. రోజు కోటా అయిపోతే వేగం తగ్గుతుంది తప్ప బ్యాలెన్స్ కట్ కాదు.

రెండోది సాంకేతికమైనది. జియోకు 2జీ, 3జీ నెట్‌వర్క్ లేదు. మాట్లాడే కాల్ కూడా అప్పట్లో 4జీ డేటా మీదే వెళ్లేది. ఆ సిమ్ వేసుకుని కొడుక్కి ఫోన్ చేసిన పెద్దాయన తనకు తెలియకుండానే డేటా వాడకందారు అయిపోయాడు. ‘డేటా ఆన్ చేయాలా వద్దా’ అన్న ఊగిసలాటే లేకుండా పోయింది. 2017లో 1,500 రూపాయల డిపాజిట్‌తో జియోఫోన్ ప్రకటించి, 2018 సెప్టెంబరులో అందులో వాట్సాప్ వచ్చేసరికి బటన్ల ఫోన్ చేతిలో ఉన్నవారికీ తలుపు తెరుచుకుంది.

అవతల మనిషి ఉండటం ఎంత ముఖ్యమో చూడాలంటే జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ ప్రాంతాల్లో గల్ఫ్ వలస కుటుంబాలను చూడాలి. యూఏఈలో వాట్సాప్ కాల్స్ మీద ఆంక్షలున్నాయి. సౌదీలోనూ చాలాకాలం ఉండేవి. అందుకని ఆ కుటుంబాల్లో చాలామంది ముందు నేర్చుకున్నది ఐఎంఓ. దానికి తెలుగులో ఎవరూ ప్రచారం చేయలేదు. దుబాయ్‌లో ఉన్న మనిషి ‘ఇది వేయించుకో, మొహం చూసుకుని మాట్లాడుకోవచ్చు’ అన్నాడు, షాపువాడు ఎక్కించి ఇచ్చాడు, అంతే. అక్షరం రాని తల్లులు కూడా ఆకుపచ్చ బటన్‌తో నెట్టుకొచ్చారు.

అక్షరాల సంగతీ తక్కువది కాదు. తొలినాళ్ల ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు డబ్బాలుగా కనిపించేది, కనిపించిన చోట కీబోర్డు కొరుకుడు పడేది కాదు. వాట్సాప్ 2013లో వాయిస్ మెసేజ్ పెట్టింది. గూగుల్ 2017 ఆగస్టులో తెలుగులో మాట్లాడి వెతికే వీలు కల్పించింది. టైపింగ్ నేర్పాలని ఏళ్లుగా చేసిన ప్రయత్నాలన్నిటికన్నా మైకు బొమ్మ ఒక్కటే ఎక్కువ మందిని లాక్కొచ్చిందంటే అతిశయోక్తి కాదు.

గల్లాపెట్టె మీద గొంతు

డబ్బుకు సంబంధించిన అప్లికేషన్లలో ఈ భయం సహజంగానే పదింతలు. కెన్యాలో 2007లో మొదలైన ఎం-పెసా, అంటే ఫోన్‌తో డబ్బు పంపే సేవ, అద్భుతంగా నడిచింది. దాన్నే వొడాఫోన్ 2013లో భారత్‌కు తెచ్చి 2019లో మూసేసింది. వాలెట్‌లో ముందు డబ్బు నింపాలి, దాన్ని మళ్లీ బయటికి తీయడం ఒక తతంగం. బ్యాంకు ఖాతాలో ఉన్న సొమ్మును ఇంకో డబ్బాలోకి మార్చి, ఆ డబ్బాను నమ్మమనడం అది. బటన్ల ఫోన్ల కోసం 2014 నుంచి దేశమంతా అందుబాటులోకి వచ్చిన, నంబరు కొట్టి డబ్బు పంపే స్టార్ 99 హ్యాష్ సేవ కూడా జనాదరణ పొందలేదు. సెషన్ మధ్యలో తెగిపోతే డబ్బు వెళ్లిందో లేదో తెలియదు.

2016 ఏప్రిల్ 11న ఆవిష్కరించిన యూపీఐ ఆ మధ్య డబ్బాను తీసేసింది. ఖాతా నుంచి ఖాతాకు నేరుగా. అదే ఏడాది నవంబరు 8 నాటి నోట్ల రద్దు దానికి ఊపునిచ్చిందంటారు. ఊపు ఇచ్చిన మాట నిజమే కానీ, కొత్త నోట్లు వచ్చాక చాలామంది వాటికే తిరిగి వెళ్లారు. నెలకు వంద కోట్ల లావాదేవీల గీత దాటడానికి 2019 అక్టోబరు దాకా పట్టింది. 2023 ఆగస్టులో వెయ్యి కోట్లు, 2025 ఆగస్టులో రెండు వేల కోట్లు. అసలు పెరుగుదల నోట్ల కరువు తీరాకే వచ్చిందన్నమాట.

మధ్యలో ఏం మారింది? కొనేవాడి కన్నా అమ్మేవాడి వైపు చూస్తే తెలుస్తుంది. కూరగాయల బండి దగ్గర ఇబ్బంది క్యూఆర్ కోడ్ కాదు. అది ఒక కాగితం, ఉచితం. 2020 జనవరి 1 నుంచి వ్యాపారి మీద రుసుమూ లేదు. ఇబ్బంది ఏమిటంటే బేరం జోరుగా ఉన్నప్పుడు తడి చేతులతో ఫోన్ తీసి మెసేజ్ వచ్చిందో లేదో చూసుకోవడం. కస్టమర్ తెర చూపించి వెళ్లిపోతాడు, అది నిన్నటి తెర కావచ్చు. ఆ అనుమానం తీర్చింది మాట్లాడే డబ్బా. ‘యాభై రూపాయలు అందాయి’ అని అది పైకి చెప్పగానే ఇద్దరికీ నిశ్చింత. 2024లో ఫోన్‌పే ఆ డబ్బాలో మహేశ్ బాబు గొంతు పెట్టింది. హంగు సంగతి అలా ఉంచితే, చదవనక్కర్లేని రసీదు అది. అమ్మేవాడికి ధైర్యం వచ్చాక కొనేవాడు వద్దన్నా వాడాల్సి వచ్చింది. చిల్లర లేదంటే ‘ఫోన్‌పే కొట్టండి’ అనడం మొదలైంది.

పోతే ఎవర్ని అడగాలన్న రెండో ప్రశ్నకు జవాబు కొంత రిజర్వ్ బ్యాంకు ఇచ్చింది. 2019 సెప్టెంబరు 20 నాటి ఉత్తర్వు ప్రకారం మనిషి నుంచి మనిషికి పంపిన డబ్బు మధ్యలో ఇరుక్కుంటే మరుసటి రోజుకల్లా తిరిగి జమ కావాలి, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం. ఈ నిబంధన పేరు తెలిసినవాళ్లు బహుశా వందలో ఒకరు కూడా ఉండరు. ‘రేపటికి పడిపోతుందిలే’ అన్న మాట మాత్రం ఇప్పుడు ఏ కిరాణా కొట్టులోనైనా వినిపిస్తుంది. ఆ ధోరణి నిబంధన వల్ల వచ్చిందే.

దింపుకోవడం వేరు, వాడటం వేరు

డౌన్‌లోడ్‌ల సంఖ్యను ఆదరణగా చూపించడం ప్రభుత్వాలకూ కంపెనీలకూ అలవాటు. 2020 ఏప్రిల్ 2న వచ్చిన ఆరోగ్య సేతును 13 రోజుల్లో 5 కోట్ల మంది దింపుకున్నారు. ఆ వేగం ఆఫీసులు, విమానాశ్రయాలు అడగడం వల్ల కూడా పెరిగింది. అవసరం తీరగానే జనం దాన్ని మర్చిపోయారు. తెలంగాణ 2018 ఫిబ్రవరిలో టీ యాప్ ఫోలియో పేరుతో ప్రభుత్వ సేవలను ఒక యాప్‌లోకి తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోనే పెట్టింది. రెండో దారికి మొగ్గు ఎక్కువ. కొత్త యాప్ అంటే ఫోన్‌లో చోటు కావాలి, కొత్త పాస్‌వర్డ్ కావాలి, ఏడాదికోసారి అవసరమయ్యే ధ్రువపత్రం కోసం అంత శ్రమ ఎందుకు? రోజూ తెరిచే కిటికీలోంచే అడగగలిగితే ఆ మెట్లన్నీ తప్పుతాయి. అయితే పౌరసేవల ద్వారం ఒక విదేశీ ప్రైవేటు కంపెనీ చేతిలో ఉండటం ఎంతవరకు సబబన్న చర్చ ఇంకా సరిగా మొదలే కాలేదు.

సగటు లెక్కలు దాచేది ఇంకోటి ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. పురుషులు వరుసగా 48.8, 57.4 శాతం. జియో వచ్చి మూడేళ్లు దాటాక తేలిన సంఖ్యలివి. ధర పడిపోయినా ఈ అంతరం పూడలేదంటే కారణం టారిఫ్‌లో లేదు. ఇంట్లో ఫోన్ ఎవరి పేరున ఉంది, ఓటీపీ ఎవరి నంబరుకు వస్తుంది, పక్కన నిలబడి ఎవరు చూస్తున్నారు అన్నవి ఏ అధ్యయన నమూనాలోని గడిలోనూ సరిగా ఇమడవు.

భయం కూడా వేషం మార్చి తిరిగొచ్చింది. 2020 చివర్లో తెలంగాణలో బయటపడ్డ రుణ యాప్‌ల ఉదంతంలో అప్పు తీసుకున్నవారి కాంటాక్టులన్నీ లాగేసుకుని బంధువులకు ఫోన్లు చేసి వేధించారు, ప్రాణాలు తీసుకున్నవారూ ఉన్నారు. పెళ్లిపత్రిక అంటూ, కేవైసీ అంటూ వాట్సాప్‌లో వచ్చే, నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఏపీకే ఫైళ్ల సంగతి తెలిసిందే. ఒకప్పుడు ముప్పై రూపాయల బ్యాలెన్స్‌కు భయపడినవాళ్లు ఇప్పుడు ఖాతా మొత్తానికి భయపడాలి. తెలియని లింకు నొక్కవద్దని పోలీసులు చెబుతున్నారు. అప్పట్లో ఎర్ర బటన్ నేర్పిన పాఠమూ దాదాపు అదే కదా.

ఇంత జరిగినా డేటా అక్కర్లేదనుకునేవారు కోట్లలో ఉన్నారు. దేశంలో అప్పటికీ సుమారు 15 కోట్ల మంది ఫీచర్ ఫోన్ల మీదే ఆధారపడ్డారని చూపిస్తూ ట్రాయ్ 2024 డిసెంబరు 23న, కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే పనికొచ్చే ప్రత్యేక రీచార్జ్‌లు ఇవ్వాలని కంపెనీలను ఆదేశించింది. అంతకు ముందు జులైలోనే టారిఫ్‌లు పెరిగి, లక్షల మంది ప్రైవేటు కంపెనీల నుంచి బీఎస్ఎన్ఎల్‌కు మారారు. డేటాతో కలిపిన ప్యాక్‌లు తప్ప వేరే దారి లేనప్పుడు, ఒక్క ఎంబీ వాడని మనిషి కూడా డేటా డబ్బు కడుతూ వచ్చాడు. ఆదేశం తర్వాత 2025 జనవరిలో కంపెనీలు ఆ ప్యాక్‌లు తెచ్చాయి. వాటిలో ముఖ్యమైనవి 84 రోజులవి, ఇంచుమించు ఏడాదివి. నెలకింత అని చూసుకుంటూ రీచార్జ్ వేయించుకునే మనిషి కాల్స్ కోసం ఒకేసారి వందలు పెట్టాల్సి వచ్చింది, లేదా వాడని డేటాతో కలిపి నెల ప్యాక్ వేయించుకోవాల్సి వచ్చింది.